ధవళేశ్వరము

రాజమహేంద్రవరమునకు దక్షిణమున నాలుగు మైళ్ల దూరమున, అఖండగోదావరి యెడమగట్టున నున్న చిన్న పట్టణము ధవళేశ్వరము. నేఁడు రాజమహేంద్రవరమునుండి నదివెంట బయలుదేఱినవానికి నగర మెక్కడ ముగిసినదో, ధవళేశ్వర మెక్కడ మొదలైనదో తెలియదు. ఇండ్లవరుస తెగక సాగుచున్నది. కావున దీనిని శాఖానగర మనుట యొప్పును. సామాన్యముగా శాఖానగరములకు స్వంతచరిత్ర ముండదు. మూలనగరచరిత్రమే వానికిని జరిత్రముగా నెన్నఁబడును. ధవళేశ్వర మట్టిది కాదు. గోదావరీమండలపు వ్యవసాయమునకు ఁ బ్రాణమైన యానకట్టకును, తెలుఁగున మొదటి నవలలలో నొకటియైన రాజశేఖరచరిత్రముయొక్క కథారంభమునకును ఈ యూరే స్థానము. మొదటిదానివలన దీని పేరు దేశమంతట వినఁబడుచున్నది. రెండవదానిని విద్యావంతులలోఁ గూడఁ బెక్కురు తలంపరు. ఈ రెండు ప్రతిష్ఠలకును ఊరిలోని కొండనేలయే యాధారమైన తీరును విశదపఱచుట యీ వ్యాసమున కుద్దేశము.

స్థలస్వరూపము

గోదావరి పాపికొండలనడుమ నిఱుకుదారిని దాఁటి పోలవరముకడ మైదానమునఁ బ్రవేశించును. అచ్చటినుండి క్రమక్రమముగా వెడల్పై, రాజమహేంద్రవరమును దాఁటి, ధవళేశ్వరముకడకు వచ్చునప్పటికి లంకలతోఁ గూడ నించుమించు నాలుగు మైళ్ల విరివి గలదగును. ఇంతవఱకు నది యొక్కటియే గావున దానిని అఖండగోదావరి యందురు. ఇచ్చటికి దిగువ నది రెండుగాఁ జీలి, తూర్పుపాయ గౌతమి యనియు, పడమటిపాయ వసిష్ఠ యనియుఁ బేరు వహించును. వసిష్ఠనుండి మఱికొంత దిగువ వైనతేయ విడివడును. తుల్య, ఆత్రేయ, గౌతమి, వృద్ధగౌతమి, భారద్వాజ, కౌశిక, వసిష్ఠ యని సప్తగోదావరముల లెక్క పురాణసిద్ధమైనను, అందుఁ గొన్ని నేఁడు చిన్న కాలువలుగ మాత్రమే మిగిలినవి.

ఈ స్థలముయొక్క విశేష మిది. ఎగువనుండి వచ్చు మెట్టనేల యిచ్చటితోఁ దీఱుచున్నది; దిగువ సముద్రమువఱకు సుమారు నలువది మైళ్లు ఒండ్రుమట్టి పల్లమే. చిట్టచివరి కొండయు, మొట్టమొదటి పల్లమును గలసికొన్న చోటగుటచేత, నదిని ఆపుటకుఁ గావలసిన రాయి యొకప్రక్కను, ఆపిన నీరు పాఱుటకుఁ గావలసిన వాలు మఱియొకప్రక్కను ఇచ్చట సమకూడినవి.

నామము

ధవళశబ్దమునకు తెల్లనిదని యర్థము. ధవళేశ్వరుఁడనఁగా శ్వేతవర్ణుఁడగు నీశ్వరుఁడు. ఊరి కొండను ధవళగిరి యనుట గ్రంథవ్యవహారమునఁ గలదు. గోదావరికి ఆవలిగట్టున నెదురుగా నున్న యూరు విజ్జేశ్వరము. నదికి రెండు దరులను ఈశ్వరాంతములైన రెండు గ్రామములు నిలిచియుండుటయు, ఆనకట్ట యీ రెండు పేళ్లనడుమ నే సాగుటయు గమనింపఁదగినవి. ఇంగ్లీషువారి కాగితములలో నీ పేరు "డౌలైశ్వరం" అనియు, "డౌలేశ్వరం" అనియు వ్రాయఁబడెను. వకారమును దాని ముందటి యచ్చును గలిపి ఔకారముగాఁ బలికిన యా రూపము నేఁటికిని ఇంగ్లీషు వ్రాతలలో నిలిచియున్నది. తెలుఁగు నోటిలో మాత్రము పూర్వరూపమే చెడక యున్నది.

క్షేత్రము

ఆనకట్ట రాకముందు ఈ యూరు తీర్థముగాఁ బ్రసిద్ధము. కొండమీఁద లక్ష్మీజనార్దనస్వామి యాలయమును, అగస్త్యేశ్వరాలయమును గలవు. ధవళేశ్వరము మొదలుకొని కోటిపల్లివఱకు గౌతమీప్రాంతమునఁ దొమ్మిది జనార్దనక్షేత్రములు గలవనియు, వానిలో నిది మొదటిదనియు జనశ్రుతి. నదియొడ్డునఁగల రేవును రామపాదాల రేవందురు. శ్రీరాముని యడుగుజాడలని భక్తులు కొలుచు గుర్తులే యీ పేరునకు హేతువు. బృహస్పతి సింహరాశిని బ్రవేశించినపుడు పండ్రెండేండ్ల కొకమాఱు వచ్చు గోదావరీపుష్కరములలో రాజమహేంద్రవరపు రేవులతోపాటు ఈ రేవునను యాత్రికులు కిక్కిఱిసి స్నానము చేయుదురు. 2015వ సంవత్సరమునఁ గడచిన పుష్కరములందును అట్లే జరిగెను.

శివవిష్ణువుల నిద్దఱను ఒక్క కొండమీఁదనే యుంచి కొలుచుటయు, దిగువ రామునిపేరిట స్నానఘట్ట ముండుటయు ఈ యూరి పూర్వజీవితమును దెలుపుచున్నవి. కొండ, గుడి, రేవు: ఈ మూఁడును గలసి యూరు. తరువాతి కాలమున వచ్చిన మార్పులెల్ల నీ మూఁటిచుట్టే జరిగినవి.

కరవుకాలము

గోదావరి యింత నీరు మోసికొనిపోవుచున్నను, ఆ నీరు పొలముల కెక్కు సాధనము లేకుండుటచే, పందొమ్మిదవ శతాబ్దిపూర్వార్ధమున రాజమహేంద్రవరపు జిల్లా దుర్భరమైన స్థితిలో నుండెను. వరద వచ్చినపుడు పైరు మునిఁగెడిది. వాన తప్పినపుడు పైరు మాడెడిది. నందననామసంవత్సరమున, అనఁగా 1832-33లో వచ్చిన కరవు గుంటూరు సీమనుండి గోదావరివఱకు జనులను రూపుమాపెను. 1839లో తుపానుతోఁగూడి సముద్రము పొంగి కోరంగి ప్రాంతమును ముంచివైచెను. 1821లో 7,38,308గ నున్న జిల్లా జనసంఖ్య 1841 నాఁటికి 5,61,041కి దిగిపోయెను. ఇరువదేండ్లలోఁ బెరుగవలసిన ప్రజ నాలుగవవంతువఱకుఁ దఱిగిపోయెనన్నమాట. చచ్చినవారు చావఁగా, మిగిలినవారిలోఁ బెక్కురు వలసపోయిరి.

1844లో సర్ హెన్రీ మాంట్‌గోమరీ జిల్లా స్థితిని విచారించి, నీటిపారుదలయే దీనికి మందని ప్రభుత్వమునకు నివేదించెను. దానికిఁ దగిన యుపాయమును గనిపెట్టుటకు సర్ ఆర్థర్ కాటను నియమింపఁబడెను. 1803లో జన్మించిన యీ యింజనీరు అంతకుముందు తంజావూరు సీమలోఁ గావేరీశాఖయైన కొల్లడముమీఁద ఆనకట్ట కట్టించి యనుభవము గడించినవాఁడు. ఇసుకనేలమీఁద నదిని గట్టివేయు విద్యను చోళులనాఁటి కల్లణై కట్టినవారినుండియే నేర్చుకొంటినని ఆయన దాఁపక చెప్పెను. గోదావరి యానకట్టకు గురువు కావేరీతీరపుఁ బ్రాచీనశిల్పులే యనుట కిదియే ప్రమాణము. ఆనకట్ట యను మాటయు ఆ మార్గముననే సంచరించినది. అఱవమున అణై యనఁగా నీటికడ్డుకట్ట. ఇంగ్లీషువారు అణైకట్టునుండియే తమ "ఆనికట్" శబ్దమును గల్పించుకొనిరి. తెలుఁగువా రాపదమును "ఆనకట్ట" యని తమ కట్టశబ్దముతో నంటఁగూర్చి సొంతము చేసికొనిరి.

ఆనకట్ట నిర్మాణము

నది నాలుగు మైళ్ల వెడల్పు గల చోటఁ గట్టఁబూనుట చూచువారికి వింతగాఁ దోఁపవచ్చును. కాని వెడల్పు హెచ్చిన కొలఁది లోతును, వడియును దగ్గును. అంతేకాక నడుమనున్న లంకలు కట్టుబడి పనిని సగమునకుఁ దగ్గించినవి. లంకల మీఁద మట్టికట్టలు వేసి, నీరు పాఱు నాలుగు పాయలకు మాత్రము రాతికట్టుబడి చేసినఁ జాలును. ధవళేశ్వరపు శాఖ 4,940 అడుగులు. ర్యాలి శాఖ 2,859. మద్దూరు శాఖ 1,548. విజ్జేశ్వరపు శాఖ 2,598. అన్నియుఁ గలసి రాతిపని రెండుంబాతిక మైళ్లు. మొదటి యంచనా సుమారు నాలుగుముప్పాతిక లక్షల రూపాయలు. 1846 డిసెంబరున అనుమతి లభించెను. 1847లో పని యారంభమై 1852 మార్చి నెలాఖరునకు ముగిసెను. నడుమఁ గాటను అనారోగ్యముచే సెలవుమీఁదఁ బోవఁగా కెప్టెను ఆర్ పనిని నడిపించెను.

ఇచ్చట నూరి కొండనేల ప్రసక్తి మరల వచ్చుచున్నది. నదికి దాపున రాయి లేనిచో నింతటి కట్టడము తలపెట్టుటయే యసాధ్యము. ధవళేశ్వరపుఁ గొండలనుండి రాయి తీసి యొడ్డునకుఁ జేర్చిరి. భారతదేశమునఁ బ్రయాణికుల రైలు 1853లో బొంబాయినుండి ఠాణాకు నడచుటకుఁ గొన్నియేండ్లు ముందే, ఈ రాళ్లబండ్లకొఱకు ధవళేశ్వరమున నినుపపట్టాలదారి వేయఁబడెను. పనివాండ్రు పదివేలవఱకు నుండిరని చెప్పుదురు. గుడి, రేవు, కొన్ని వీథులు గల యూరు ఒక్కసారిగ రాళ్లుగొట్టువారు, సున్నము కాల్చువారు, కమ్మరులు, వడ్రంగులు, పడవవాండ్రు నిండిన పనిచోటయ్యెను. వారిలో నొక్కని పేరు మాత్రము జనుల నోట నిలిచినది. కాటనునకుఁ గుడిభుజమై, కూలిజనమును గూర్చి పని నడపిన వీణెం వీరన్న రాయబహద్దరు బిరుదము నందెను. తక్కినవారి పేళ్లు రాళ్లక్రిందనే యుండిపోయినవి.

పని ముగిసినపిదప వచ్చిన మార్పు ఎల్లరెఱిఁగినదే. ధవళేశ్వరమునుండి తూర్పుడెల్టాకును, బొబ్బర్లంకనుండి మధ్యడెల్టాకును, విజ్జేశ్వరమునుండి పడమటిడెల్టాకును గాలువలు సాగినవి. వీనిక్రింద నేఁడు సాగగుచున్న భూమి సుమారు పదిలక్షల యెకరములు. కాలువలు పొలమునకు నీరిచ్చుటయే కాక పడవలకు బాటలుగ నుండెను. హావలాకు వంతెన 1900లోఁ దెఱవఁబడి రైలు గోదావరిని దాఁటువఱకును, ధాన్యమును, మనుష్యులును, పుస్తకములును ఈ కాలువలమీఁదనే ప్రయాణము చేసెను. లాకు, షట్టరు మొదలగు నింగ్లీషుమాటలు తూము, గట్టు, లంక యను తెలుఁగుమాటల సరసనఁ జేరి డెల్టావ్యవహారమునఁ గలసిపోయినవి. లాకుల తలుపులను, ఇతర పరికరములను సిద్ధపఱచుటకై ధవళేశ్వరమునఁ బ్రభుత్వపు వర్కుషాపు వెలసి, ఊరికి ఇనుపపని నేర్పెను.

గోదావరీతీరపు బ్రాహ్మణులు కాటనుదొరను దలఁచుచు శ్లోకము చెప్పికొని స్నానసంకల్పము చేయుట కలదు. దేశాంతరుని, మతాంతరుని, నదీస్నానపుణ్యమున భాగస్వామిని జేయుట యీ తీరవాసుల కృతజ్ఞతకు ఁ దార్కాణము.

పాఠశాలయుఁ బత్రికయు

ఆనకట్ట ముగిసిన యిరువదిరెండేండ్లకు, 1874లో, ఇరువదియాఱేండ్ల యుపాధ్యాయుఁ డొకఁడు కోరంగినుండి ధవళేశ్వరపు పాఠశాలకుఁ బ్రధానోపాధ్యాయుఁడై వచ్చెను. ఆయన కందుకూరి వీరేశలింగము పంతులుగారు. పుట్టుక రాజమహేంద్రవరమే యైనను, ఆయన లోకహితకార్యములు స్పష్టముగ నారంభమైనది ధవళేశ్వరవాసకాలముననే. ఆ సంవత్సరముననే యీ యూర బాలికలకొఱకుఁ బాఠశాల నెలకొల్పెను. ఆ యక్టోబరులోనే వివేకవర్ధని వెలువడెను.

ఈ రెండు కార్యములును ఒక్కమాఱే జరుగుట యాకస్మికము కాదు. ఆఁడుపిల్లలకుఁ జదువు చెప్పవలయునా వలదా యన్న చర్చ అప్పుడు పత్రికలలోఁ దీవ్రముగ నుండెను. మదరాసునుండి ఆంధ్రభాషాసంజీవనిని నడుపుచున్న కొక్కొండ వేంకటరత్నము పంతులుగారు స్త్రీవిద్యను వ్యతిరేకించుచుండిరి. వీరేశలింగముగారు తొలుత నితరుల పత్రికలలోఁ బ్రత్యుత్తరములు వ్రాసి, తుదకుఁ దమ మాటకుఁ దమ పత్రికయే కావలయునని నిశ్చయించిరి. వాదమునకుఁ బత్రికయు, వాదము నిజమని చూపుటకుఁ బాఠశాలయు నేర్పడినవి. పత్రిక మొదట చెన్నపురిలో ముద్రింపఁబడుచుండెను. పిదప మిత్రులతోఁ గలసి రాజమహేంద్రవరమున ముద్రాలయము నెలకొల్పుటయు, 1876లో హాస్యసంజీవనిని జేర్చుటయు జరిగెను. ముద్రణస్థానము రాజమహేంద్రవరము కాఁగానే పత్రిక కీర్తియు నా నగరమునకే చెందెను. వివేకవర్ధని పుట్టినప్పుడు సంపాదకుఁడు ధవళేశ్వరపు బడిలోఁ బాఠములు చెప్పుచుండెనన్న సంగతి మఱుగుపడెను. పెద్దనగరముసరసనున్న చిన్నయూళ్లకుఁ గలుగు నష్ట మిట్టిది.

నవలలోని ధవళేశ్వరము

1876లో వీరేశలింగముగారు రాజమహేంద్రవరపు పాఠశాలకు మాఱిరి. రెండేండ్లకు, 1878లో, వివేకవర్ధనిలో రాజశేఖరచరిత్రము ప్రకరణములుగ వెలువడ నారంభించి, 1880లో గ్రంథరూపమునఁ బ్రకటింపఁబడెను. తెలుఁగున మొదటి నవల యిదియా, 1872లో వెలువడిన నరహరి గోపాలకృష్ణమసెట్టిగారి శ్రీరంగరాజచరిత్రమా యన్న విషయమునఁ బండితులలో నభిప్రాయభేదము కలదు. ఎట్లైనను దెలుఁగువారిలో నవలాపఠనమునకు దారి తీసినది రాజశేఖరచరిత్రమే యనుట నిర్వివాదము. 1887లో హచిన్సను దొర దీని నింగ్లీషునకుఁ బరివర్తనము చేసెను.

ఈ నవలకు గోల్డ్‌స్మిత్ రచించిన వేక్‌ఫీల్డు కథ ప్రేరణము. ధనికుఁడైన సద్గృహస్థు ముఖస్తుతులకు లొంగి, బంగారము చేయుదునన్న బైరాగిని నమ్మి, సంపద గోలుపోయి, కుటుంబముతోఁ గాశికిఁ బయనమై, పెక్కు కష్టములు పడి, తుదకు సుస్థితికి వచ్చుట యిందలి కథ. ప్రేరణ పరదేశమునుండి వచ్చినను, కథకు నేల కావలయును గదా. ఆ నేల ధవళేశ్వరము. గోదావరిని, ధవళగిరిని, కొండమీఁది దేవాలయమును వర్ణించుచు గ్రంథ మారంభమగుచున్నది.

ఇందలి విశేషము ప్రబంధపాఠకులకు సులభముగఁ దెలియును. ప్రబంధములలో అష్టాదశవర్ణనములందుఁ బురవర్ణన మొకటి. అందలి పురమునకుఁ గోట, అగడ్త, మేడలు, నాలుగువర్ణములవారు, ఉద్యానములు నుండును. పేరు మార్చినచో నొక పురవర్ణనము మఱియొక పురమునకుఁ జెల్లును. వీరేశలింగముగారు స్థలవర్ణనముతోఁ గావ్యమునారంభించు సంప్రదాయమును విడువలేదు. వర్ణింపఁబడు వస్తువును మార్చిరి. ఇచ్చటిది పేరుమార్చి వేఱొక చోట నతికింపఁదగిన పురము కాదు. పాఠకుఁడు రాజమహేంద్రవరమునుండి నాలుగు మైళ్లు నడచివచ్చి, కొండనెక్కి, గ్రంథమును జేతఁబట్టి సరిచూచుకొనఁదగిన యూరు. ఇట్లు నిజమైన యూరిని నిజమైన పేరుతోఁ గథలోఁ బ్రవేశపెట్టుట వచనకథకుఁ గ్రొత్తబలము నిచ్చెను. బైరాగుల బంగారము, జ్యోతిష్కుల మాటలు మొదలగునవి యెచ్చటనో జరిగిన వింతలు కాక, తమ గట్టుననే జరుగునవి యని పాఠకులకుఁ దోఁచెను. సంస్కర్తకుఁ గావలసినది ఇదియే.

కథాకాలము ఆనకట్టకుఁ బూర్వము. కావున నందలి ధవళేశ్వరము కాలువలును, లాకులును, వర్కుషాపును లేని పూర్వపుటూరు. రచయిత యీ యూర నివసించినపుడు ఆనకట్ట యప్పటికే కన్నులయెదుట నుండెను. కథకు మాత్రము గుడియు, రేవును గల పాతయూరినే యెన్నుకొనెను. ఒక కొండనేలనుండి ఇంజనీరు రాతిని గొనిపోఁగా, ఉపాధ్యాయుఁడు వర్ణనమును గొనిపోయెను. ఆ రాయి పదిలక్షల యెకరములకు నీరు మళ్లించెను. ఆ వర్ణనము తెలుఁగు వచనకథను మనయూళ్లవైపునకు మళ్లించెను.

నేఁటి స్థితి

నూఱేండ్లకు పైఁబడిన యానకట్ట బలహీనపడుటచే, దాని సమీపముననే 1970లో బ్యారేజీ నిర్మాణ మారంభమై 1982లో ముగిసెను. దీనికిఁ గాటను పేరే పెట్టఁబడినది. దీనికి మొత్తము 175 తలుపులు: ధవళేశ్వరపు శాఖకు 70, ర్యాలికి 43, మద్దూరునకు 23, విజ్జేశ్వరమునకు 39. పూర్వపు నాలుగుశాఖల విభాగ మిందును మాఱలేదు. దీనిమీఁది రహదారి రెండు గట్టులను గలుపుచున్నది. ఊరిలోఁ గాటను పేరిట ప్రదర్శనశాల గలదు. ఆనకట్ట చరిత్రమును దెలిసికొనఁగోరు విద్యార్థుల కది యుపయుక్తము.

వర్షాకాలమున ఈ యూరి పేరు ప్రతిదినమును వార్తలలో వినఁబడును. ఇచ్చటి నీటిమట్టము 11.75 అడుగులు చేరినచో మొదటి ప్రమాదసూచనయు, 13.75 చేరినచో రెండవదియు, 17.75 చేరినచో మూఁడవదియు వెలువరింపఁబడును. 1986 ఆగస్టున సెకనునకు 35 లక్షల ఘనపుటడుగులకుఁ బైఁగా నీ రిచ్చటినుండి సముద్రమునకుఁ బోయెను. 2022 జూలైలో 25 లక్షలు దాఁటెను. ధవళేశ్వరమున నొక యడుగు పెరిఁగినదన్నమాట కోనసీమ లంకలలోని కుటుంబమునకు పశువులను గట్టుమీఁదికిఁ దోలవలెనా, ఇల్లు విడువవలెనా యన్న నిర్ణయము. చదువురాని వృద్ధులు సైతము ఆ మూఁడు సంఖ్యలను గుర్తుంచుకొందురు.

కాని ఊరిని సంఖ్యలతో మాత్రమే యెఱుఁగుట చాలదు. ధవళేశ్వరము నగరమున లీనమగుచున్న యీ కాలమున, రేవుల పేళ్లను, కొండమీఁది యాలయముల యైతిహ్యములను, లాకులకడను వర్కుషాపునను బనివాండ్రు వాడు పారిభాషికపదములను, వీరేశలింగముగారి బడిజ్ఞాపకములను బ్రోగుచేయుట అవశ్యకర్తవ్యము. ఇందుకుఁ బెద్ద పండితులే యక్కఱలేదు. దాపునున్న బడిపంతులు తన విద్యార్థులను వెంటఁబెట్టుకొని, రాజశేఖరచరిత్రము మొదటిప్రకరణమును గొండమీఁదఁ జదివించి, దిగువ బ్యారేజీకడ నీటికొలతబద్దను జూపించినచో, రెండు చరిత్రములును ఒక్క పూఁటలో వారికిఁ బట్టువడును. అట్లు చదివిన బాలురకు ధవళేశ్వరము రాజమహేంద్రవరపుఁ గొనవీథిగాఁ గాక, తనకుఁ దాను నిలిచిన యూరుగాఁ దెలియును.